అడ్డపొగ: మన అవ్వల నోట్లోని నిప్పు



మొన్న గృహ కూటం ముగిశాక ఒక పెద్దాయన మా దగ్గరకు వచ్చారు. చేతిలోని చుట్టను వీపు వెనక్కి దాచుకుంటూనే నవ్వుతూ అడిగారు: "అయ్యగారూ, చుట్ట కాల్చకూడదని బైబిల్లో ఏ వచనంలో ఉందో సెప్పండి." పక్కనున్నవాళ్లు నవ్వారు, మేమూ నవ్వాం. కానీ ఇంటికొచ్చాక ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. ఆయనకు చెప్పాల్సిన జవాబు సగం చరిత్రలోనే ఉందనిపించింది. అందుకే ఈ వారం కొంచెం చరిత్ర చెప్పుకుందాం.

ఆయన అన్నది నిజమే, గ్రంథంలో పొగాకు మాట లేదు. ఉండే వీలే లేదు. పొగాకు అమెరికా ఖండాల మొక్క. 1492లో కొలంబస్ ఓడలు అటు వెళ్లిన తర్వాతే ఐరోపావాళ్లు దాన్ని చూశారు. ఆ తర్వాత పోర్చుగీసు వర్తకులు దాన్ని మన దేశానికి తెచ్చారు. ఎంత త్వరగా పాకిందంటే, 1617లో జహంగీరు చక్రవర్తి పొగ తాగడాన్ని నిషేధించాల్సి వచ్చింది. ఆ నిషేధం నిలవలేదు. మూడు వందల ఏళ్లు తిరక్కముందే గురజాడవారి 'కన్యాశుల్కం'లో గిరీశం తన శిష్యుడికి చుట్ట గొప్పతనం బోధిస్తున్నాడు. ఆ నాటకం చూసి మనం ఇప్పటికీ కడుపుబ్బ నవ్వుకుంటాం. ఎక్కడో సముద్రాల అవతల పుట్టిన ఆకు అప్పటికే మన ఇంటి వస్తువైపోయింది. తాతల నాటిదన్న పేరు వచ్చేస్తే ఇక దాన్ని ఎవరూ ప్రశ్నించరు.

మన ఉత్తరాంధ్ర తీరంలో ఆ అలవాటు మరో దారి పట్టింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం పల్లెల్లో పెద్దవాళ్లున్న ఇళ్లవారికి ఇది కొత్త సంగతి కాదు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని పెదవులు మూసి పీలుస్తారు. దాన్నే అడ్డపొగ అన్నారు. మగవాళ్లలో కొందరికి ఉన్నా, ఇది ఎక్కువగా ఆడవాళ్ల అలవాటు. ఎందుకలా అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోకుండా అని కొందరు, పని చేసుకుంటుంటే బూడిద రాలకుండా అని కొందరు, చంకలోని బిడ్డ మీద నిప్పు పడకుండా అని కొందరు. అన్నిటికంటే ఎక్కువగా వినపడే జవాబు ఒకటే: "మాయమ్మ ఇలాగే కాల్చేది."

నోటి పైకప్పును, అంటే అంగిలిని, ఆ నిప్పు సెగా పొగా రోజూ తాకుతుంటాయి. ముందు అంగిలి తెల్లబారుతుంది. దాని మీద చిన్న చిన్న బొడిపెల్లాంటివి, వాటి మధ్య ఎర్రటి చుక్కలు వస్తాయి. తర్వాత మచ్చలు, మానని పుండ్లు. కొందరిలో అదే క్యాన్సర్ అవుతుంది. గట్టి అంగిలికి క్యాన్సర్ రావడం ఇతర ప్రాంతాల్లో అరుదు. మన తీరంలో మాత్రం ఆ రోగులు వరుసగా కనబడ్డారు. బొంబాయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో పనిచేసిన డాక్టర్ ఖానోల్కర్ 1945లోనే అంగిలి క్యాన్సరుకూ చుట్టకూ ఉన్న సంబంధం గురించి రాశారు. 1957లో విశాఖపట్నం వైద్యులు కూడా అదే సంగతి ప్రచురించారు.

1960లలో బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన డాక్టర్ మెహతా బృందం, డెన్మార్క్ వైద్యుడు పిండ్‌బోర్గ్‌తో కలిసి దేశంలో ఐదు జిల్లాల పల్లెలకు వెళ్లి 50 వేల మందికి పైగా నోళ్లు పరీక్షించింది. ఆ ఐదింటిలో మన శ్రీకాకుళం ఒకటి. ఇక్కడ చూసినవారు 10,169 మంది. వారిలో నూటికి 43 మందికి పైగా అడ్డపొగ తాగేవారే. 1971లో ఈ లెక్క అచ్చయింది. ఆ అంకె చదివినప్పుడు మా కళ్లముందు మెదిలింది మన మందిరంలో వెనక చాపల మీద కూర్చునే అవ్వలే.

ప్రియులారా, ఇక్కడ మేము ఒక సంగతి ఒప్పుకోవాలి. పరిచర్యకు వచ్చిన కొత్తలో ఒక ఆదివారం చుట్ట మీద చాలా గట్టిగా ప్రసంగించాం. పాపమన్నాం, నరకమన్నాం. ప్రసంగం బాగుందని కొందరు మెచ్చుకున్నారు కూడా. మరుసటి ఆదివారం వెనక చాప మీద ముగ్గురు అవ్వలు కనబడలేదు. వారిలో ఒకామె ఇంటికి వెళ్లాం. మమ్మల్ని చూడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తప్పు సేసీసినాను గదయ్యా, ఇంకే ముఖం ఎట్టుకుని వస్తాను? నాకు నేర్పింది మాయమ్మే. ఆయమ్మ కూడా నరకానికే ఎల్లిపోయిందా?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. ఏదో ప్రార్థన చేసి వచ్చేశాం.

ఆమె అంగిలి మీద అప్పటికే పుండు ఉందన్న సంగతి చాలా నెలల తర్వాత తెలిసింది. అన్నం మింగలేకపోయే వరకూ ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని కోడలు అడిగితే, "అయ్యగారికి తెలుస్తాది" అన్నదట. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది. ఆమె సమాధి కార్యక్రమం మేమే చేశాం. ఆమెను చుట్ట చంపిందని అందరూ అన్నారు. ఆమె ఆ పుండును దాచుకోవడానికి మా మాట కూడా ఒక కారణమని మాకు తెలుసు. అందుకే చుట్ట గురించి మళ్లీ గద్దించి మాట్లాడలేదు.

గద్దించకపోతే మరెలా మాన్పించాలి? దానికీ ఆ చరిత్రలోనే జవాబు దొరికింది. జబ్బు లెక్క తేల్చాక ఆ వైద్యులు వెళ్లిపోలేదు. 1970ల చివరి నుంచి కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్, మన శ్రీకాకుళం జిల్లాల్లో పొగాకు వాడే 36 వేల మందిని ఎంచుకున్నారు. ఏటేటా వాళ్ల ఇళ్లకే వెళ్లారు. నోరు చూశారు. ఏం కనబడిందో ఉన్నదున్నట్టు చెప్పారు. పక్కన కూర్చుని మాట్లాడారు. సినిమాలు వేశారు, రేడియోలో చెప్పించారు. మానని వాళ్ల ఇంటికి మళ్లీ ఏడాది మళ్లీ వెళ్లారు. ఐదేళ్ల ఫలితాలు 1986లో 'లాన్సెట్' వైద్య పత్రికలో వచ్చాయి. అలాంటి బోధన అందనివారితో పోలిస్తే వీరిలో మానినవారు, తగ్గించినవారు ఎక్కువ. నోట్లో కొత్తగా వచ్చే మచ్చలు తగ్గాయి. మానేసినవారిలో కొందరికి పాత మచ్చలు కూడా మానాయి. మందూ మంత్రమూ లేకుండా, మళ్లీ మళ్లీ వచ్చి పలకరించే మనిషి వల్ల జరిగిన పని ఇది. తప్పిపోయిన గొర్రెను వెతుక్కుంటూ వెళ్లిన కాపరి కథ మనం ఎన్నిసార్లు చెప్పుకోలేదు! ఆ వైద్యులు దాన్ని మా కంటే ముందే చేసి చూపించారు.

"ఇంత వయసొచ్చాక మానితే ఏం లాభం అయ్యగారూ?" అని అడిగేవారు ఉన్నారు. ఇంగ్లండులో డాల్, హిల్ అనే ఇద్దరు 1951లో అక్కడి డాక్టర్లనే పొగ అలవాటు గురించి అడిగి, వారి బాగోగులు నమోదు చేయడం మొదలుపెట్టారు. 50 ఏళ్ల లెక్క 2004లో వచ్చింది. సిగరెట్ తాగుతూనే ఉన్నవారు, తాగనివారి కంటే సగటున 10 ఏళ్లు ముందుగా చనిపోయారు. 60 ఏళ్ల వయసులో మానేసినవారికి దాదాపు 3 ఏళ్లు, 50లో మానినవారికి 6, 40లో 9, 30లో మానినవారికి ఇంచుమించు ఆ 10 ఏళ్లూ కలిసొచ్చాయి. కాబట్టి ఏ వయసులో మానినా లాభం ఉంది.

ఇప్పుడు మానాలనుకునే వారికి కొన్ని మాటలు.

ఒక రోజు ఖాయం చేసుకోండి. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు చెప్పండి. ముందురోజు రాత్రే చుట్టలు, బీడీలు, అగ్గిపెట్టె ఇంట్లోంచి తీసేయండి. మొదటి మూడు నాలుగు రోజులు కష్టంగా ఉంటుంది. చిరాకు, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి వస్తాయి. ఒళ్లు పొగాకు కోసం అడుగుతున్నందుకే అలా ఉంటుంది, కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. కోరిక పుట్టినప్పుడు అది కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ కాసేపూ మంచినీళ్లు తాగండి, నాలుగు సోంపు గింజలు నోట్లో వేసుకోండి, లేచి వీధి చివరి దాకా నడిచి రండి. టీ తాగాక చుట్ట వెలిగించే అలవాటుంటే, కొన్నాళ్లు టీ తాగే చోటు మార్చండి.

అడ్డపొగ మానేసి మామూలుగా కాలిస్తే మానినట్టు కాదు. చుట్ట వదిలి ఖైనీ పట్టుకున్నా మానినట్టు కాదు. ఒంటరిగా మానలేకపోతే ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరును అడగండి, దానికి మందులున్నాయి. 1800-11-2356 నంబరుకు డబ్బులు కట్టకుండా ఫోన్ చేసి సలహా అడగవచ్చు. నోట్లో తెల్లమచ్చ గాని ఎర్రమచ్చ గాని పుండు గాని రెండు వారాలు దాటినా మానకపోతే, నొప్పి లేకపోయినా వెంటనే చూపించుకోండి. దయచేసి దాచకండి.

ఒకసారి జారిపోతే సిగ్గుపడి మందిరానికి రావడం మానకండి. మళ్లీ మొదలుపెట్టండి. చాలామంది రెండు మూడుసార్లు ప్రయత్నించాకే మానగలిగారు.

ఇంట్లోవాళ్లకు ఒక్క మాట: మానుతున్న మనిషిని వేళాకోళం చేయకండి. సాయంత్రం పూట పక్కన కూర్చోండి, అది చాలు.

ఆ పెద్దాయనకు ఇప్పుడు మా జవాబు ఇది. తాతా, చుట్ట మాట గ్రంథంలో లేదు. నీ దేహం మాట ఉంది, అది దేవుని ఆలయమన్న మాట ఉంది. నీ మనవలకు నువ్వు ఇంకా కొన్నేళ్లు కావాలి, మాకూ కావాలి. వచ్చే మంగళవారం సాయంత్రం మీ ఇంటికి వస్తాం. వాకిట్లో కూర్చుని మాట్లాడుకుందాం. చుట్ట దాచాల్సిన పని లేదు. ఆ వారం మానకపోయినా తర్వాతి మంగళవారం మళ్లీ వస్తాం.

ప్రభువు మనలో మానాలనుకునేవారికి బలాన్నీ, పక్కనుండేవారికి ఓపికనూ ఇచ్చుగాక. ఆమేన్.