ఫైటర్ పైలట్ కావాలంటే ఎన్డీఏనా.. బీటెక్ తర్వాతా? జీవితంలో ఒక్కసారే ఛాన్స్ ఇచ్చే ఈ టెస్ట్ గురించి ముందే తెలుసుకోండి!

ఎయిర్ ఫోర్స్‌లో పైలట్ అవ్వాలనుకునే ఇంటర్ విద్యార్థి ముందు రెండు దారులున్నాయి. ఇంటర్ అవగానే ఎన్డీఏకి వెళ్లడం ఒకటి. డిగ్రీయో బీటెకో పూర్తి చేసి నేరుగా దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీలో చేరడం రెండోది. చాలా ఇళ్లలో ‘ముందు బీటెక్ అవ్వనీ, తర్వాత చూద్దాంలే’ అనే మాట దగ్గరే చర్చ ఆగిపోతుంది. అయితే ఈ రంగంలో కొన్ని తలుపులు వయసుతో మూసుకుపోతాయి. ఒకటి మాత్రం ఒకే ఒక్క టెస్టుతో మూసుకుపోతుంది.

అసలు నిర్ణయం పదో తరగతి అయిపోగానే మొదలవుతుంది. ఫ్లయింగ్ బ్రాంచ్‌కి ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాల్సిందే. అంటే ఎంపీసీ. బైపీసీ, సీఈసీ తీసుకున్నవాళ్లకు తర్వాత ఎంత మంచి డిగ్రీ వచ్చినా ఈ దారి దొరకడం కష్టం. అదే ఎంపీసీ చదివినవాళ్లు ఆ తర్వాత బీకామ్ చేసినా ఏఎఫ్‌క్యాట్ రాయొచ్చు. ఏరోనాటికల్ ఇంజినీరింగ్‌లో చేరితేనే పైలట్ అవుతారని కొన్ని కాలేజీల ప్రచారం చూసి తల్లిదండ్రులు నమ్మేస్తుంటారు. ఆ రూల్ ఎక్కడా లేదు.

ఎన్డీఏ ఎలా?

యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు ఈ పరీక్ష పెడుతుంది. వయసు పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర ఏళ్ల మధ్య ఉండాలి. ఇంటర్ సెకండియర్ చదువుతూనే అప్లై చేయొచ్చు. రాత పరీక్షకు 900 మార్కులు, ఇంటర్వ్యూకి మరో 900. సెలెక్ట్ అయితే పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో మూడేళ్లు. చదువు, ట్రైనింగ్ రెండూ అక్కడే. చేతికి డిగ్రీ కూడా వస్తుంది. తర్వాత ఫ్లయింగ్ కోసం దుండిగల్. తొలి భారత వ్యోమగామి రాకేశ్ శర్మ హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివి, 1966లో ఎన్డీఏలో చేరినవారే. అమ్మాయిలకు కూడా ఇప్పుడు ఎన్డీఏ ఉంది. 2022లో చేరిన తొలి మహిళా బ్యాచ్ 2025 మేలో బయటికొచ్చింది.

డిగ్రీ తర్వాత అయితే..

ఇక్కడ మూడు ఎంట్రీలున్నాయి. యూపీఎస్సీ పెట్టే సీడీఎస్, ఎయిర్ ఫోర్స్ సొంతంగా పెట్టే ఏఎఫ్‌క్యాట్, ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ. ఫ్లయింగ్ బ్రాంచ్‌కి వయసు 20 నుంచి 24. ఏఎఫ్‌క్యాట్‌కి డిగ్రీలో 60 శాతం, ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఒక్కోదాంట్లో 50 శాతం ఉండాలి. వంద ప్రశ్నలు, రెండు గంటలు, తప్పు రాస్తే మార్కు కట్. పేపర్ ఇంగ్లిష్‌లోనే ఉంటుంది కాబట్టి తెలుగు మీడియం పిల్లలు ముందు నుంచే జాగ్రత్తపడాలి. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో సీ సర్టిఫికెట్ ఉంటే రాత పరీక్షే అక్కర్లేదు, నేరుగా ఇంటర్వ్యూకి పిలుస్తారు. కాలేజీ ఎంచుకునేటప్పుడు ప్లేస్‌మెంట్స్ అడుగుతారు గానీ ‘ఎయిర్ వింగ్ ఉందా’ అని అడిగేవాళ్లు తక్కువ. అడగండి.

దేశంలో తొలి మహిళా ఫైటర్ పైలట్లు అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ ముగ్గురూ ఇంజినీరింగ్ చదివి వచ్చినవాళ్లే. 2016 జూన్‌లో దుండిగల్‌లోనే కమిషన్ అందుకున్నారు.

ఒకే తేడా పెద్దది. ఎన్డీఏ, సీడీఎస్ ద్వారా వెళ్తే పర్మనెంట్ కమిషన్. ఏఎఫ్‌క్యాట్ ద్వారా ఫ్లయింగ్‌లో చేరితే షార్ట్ సర్వీస్, 14 ఏళ్లు. పెన్షన్ ఉండదు. 22 ఏళ్లకు చేరినవాళ్లు ముప్పై ఆరు, ముప్పై ఏడుకి బయటికొస్తారు. అందుకే ఈ దారిలో వెళ్లేవాళ్లు ఏదో ఒక డిగ్రీ అనుకోకుండా, రేపు బయట కూడా పనికొచ్చే కోర్సు చదవడం మంచిది.

ఆ ఒక్క టెస్ట్ ఏంటి?

ఏ దారిలో వచ్చినా సెలెక్షన్ బోర్డు ముందుకు వెళ్లాల్సిందే. ఎయిర్ ఫోర్స్‌కి దెహ్రాదూన్, మైసూరు, గాంధీనగర్, వారణాసి లాంటి చోట్ల బోర్డులున్నాయి. అక్కడ ఫెయిలైతే భయం లేదు, మళ్లీ వెళ్లొచ్చు. బోర్డు ఓకే చెప్పినవాళ్లకు మాత్రం సీపీఎస్ఎస్ అనే కంప్యూటర్ టెస్ట్ పెడతారు. డయల్స్ చదవడం, చేయి-కాలు-కన్ను ఒకేసారి పనిచేయించడం ఇందులో చూస్తారు. ఇది జీవితంలో ఒక్కసారే. 18 ఏళ్లకు ఎన్డీఏ ద్వారా వెళ్లి ఇందులో పోతే, 22 ఏళ్లకు ఏఎఫ్‌క్యాట్ టాపర్ అయినా ఫ్లయింగ్ బ్రాంచ్ రాదు. ఆర్మీ, నేవీ, ఎయిర్ ఫోర్స్ గ్రౌండ్ డ్యూటీ అవకాశాలు మాత్రం మిగులుతాయి.

మరి నాలుగేళ్లు ఆగి, ప్రిపేరై వెళ్తే నయమా? అలా ఆగడం వల్ల పెద్దగా లాభం లేదనే చెప్పాలి. ఇది సిలబస్ చదివి గట్టెక్కే పరీక్ష కాదు. పైగా ఆ నాలుగేళ్లలో ఫోన్, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కళ్లకు సైట్ వస్తే అసలుకే మోసం. చూపు బాగుండి, ఎంపీసీ చదువుతుంటే ఎన్డీఏ ఇప్పుడే రాయండి. టెస్టుకి ముందు రోజు రాత్రి బాగా నిద్రపోండి, అంతే.

కళ్లజోడు ఉంటే?

పైలట్‌కి మయోపియా ఒప్పుకోరు. దీంతో కొందరు ఇంటర్ అవగానే లాసిక్ చేయించేస్తున్నారు. ఇక్కడే పొరపాటు జరుగుతోంది. 20 ఏళ్లు నిండకముందు చేయించిన లాసిక్ చెల్లదు. ఆపరేషన్ అయ్యాక కనీసం 12 నెలలు గడవాలి. కంటి పొడవుకి కూడా లిమిట్ ఉంది, అది దాటితే ఆపరేషన్ చేయించినా లాభం లేదు. కాబట్టి డబ్బు కట్టేముందు కంటి డాక్టర్‌తో ఆ కొలత తీయించి, తాజా నోటిఫికేషన్‌లోని అంకెతో పోల్చుకోవాలి. ఇలాంటివాళ్లకు ఎన్డీఏ కాదు, డిగ్రీ తర్వాతి దారే సరిపోతుంది.

ఎత్తు 162.5 సెంటీమీటర్లు ఉండాలి. కాలి పొడవు, కూర్చున్నప్పటి ఎత్తు కూడా కొలుస్తారు. కాక్‌పిట్‌లో పట్టాలి కదా! పొడవు మరీ ఎక్కువైనా ఇబ్బందే.

లక్షలు పోసి కమర్షియల్ పైలట్ లైసెన్స్ తీసుకోవాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. అది ఉంటే ఏఎఫ్‌క్యాట్‌లో వయసు 26 దాకా పెరుగుతుంది, అంతే. విమానం నడపడం ఎయిర్ ఫోర్సే నేర్పిస్తుంది. దుండిగల్‌లో స్టైపెండ్ కూడా నెలకు రూ.56,100 ఇస్తారు. ఫైటరా, హెలికాప్టరా, ట్రాన్స్‌పోర్టా అన్నది అక్కడ మీ పనితీరు చూసి తేలుస్తారు. ఫైటర్ వచ్చినవాళ్లు బీదర్‌లాంటి చోట్ల హాక్ జెట్‌లు నడుపుతారు.

‘సీటు గ్యారంటీ’ అంటూ ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. అప్లికేషన్ యూపీఎస్సీ, ఏఎఫ్‌క్యాట్ అధికారిక వెబ్‌సైట్లలోనే వేయాలి. వయసు లెక్కించే తేదీ ప్రతి నోటిఫికేషన్‌కీ మారుతుంది, అప్లై చేసేముందు అది ఒకసారి చూసుకోండి.