రోగశేషము



అప్పును, అగ్గిని, రోగమును శేషముంచరాదని మన పూర్వులు చెప్పుచుండిరి. ఈ మూడింటిలో మిక్కిలి మోసగించునది రోగశేషము. అప్పు మిగిలినచో ఋణదాత వాకిట నిలుచును. అగ్గి మిగిలినచో పొగ గనబడును. రోగశేషము మాత్రము కొన్నియెడల ఇరువదియేండ్లయినను కంటికి గానరాదు. హెపటైటిస్ సి యనునది యట్టి రోగము. దాని చికిత్సను నడుమ మానుటను గూర్చి లోకము గడచిన యేబదియేండ్లలో నేమి నేర్చుకొనెనో నేడు మనవి చేయుదును. నేను వైద్యుడను గాను. బడిలో పాఠములు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. కావున మందు చెప్పను, మందు నడచిన త్రోవ చెప్పెదను.

ఈ రోగము కాలేయమునకు బట్టునది. దీనికి కారణమగు వైరసు రక్తము ద్వారా వ్యాపించును. పరీక్షింపని రక్తము నెక్కించుట, ఒకరికి వాడిన సూదిని వేరొకరికి వాడుట దాని ముఖ్యమైన దారులు. సోకినవారిలో చాలమందికి కామెరలైనను గానరావు. ఆకలి యుండును, పని జరుగును; లోపల కాలేయము ఏండ్లతరబడి గట్టిపడుచుండును. తుదకు కొందరికి కడుపున నీరు చేరును. కొందరికి కాలేయమున రాచపుండు పుట్టును.

రక్తమెక్కించుకొనినవారికి వచ్చు కాలేయరోగములలో పెక్కు ఎ రకమును గావు, బి రకమును గావు అని 1975లో అమెరికా శాస్త్రజ్ఞులు తేల్చిరి. వారిలో హార్వే ఆల్టర్ యొకడు. పదునాలుగేండ్లకు, 1989లో, మైకేల్ హాటన్ తన సహచరులతో గూడి ఆ వైరసును గుర్తించెను. ఆ వైరసొక్కటియే రోగమును గలిగింప జాలునని చార్లెస్ రైస్ నిరూపించెను. ఈ మువ్వురికిని 2020లో నోబెలు బహుమానము లభించెను.

విచిత్రమేమన, రోగమునకు పేరు దొరకకమునుపే మందు దొరకెను. 1957లో లండనునందు ఐజాక్స్, లిండెన్‌మాన్ అనువారు ఇంటర్‌ఫెరాన్ అను పదార్థమును గనుగొనిరి. దానిని 1986 నాటికి ఈ రోగులకు సూదిమందుగా నిచ్చి చూచిరి. కొందరికి గుణము గనబడెను. వారమునకు మూడుమారులు సూది. దానివలన జ్వరము, చలి, ఒడలి నొప్పులు. కొందరికి మనస్సు మిక్కిలి క్రుంగుట. ఇట్టి మందును రోగి నడుమ మానదలచుట వింత గాదు.

అంతకంటె పెద్ద చిక్కు వేరొకటి గలదు. మందు వాడుచుండగా రక్తమున వైరసు కనబడకుండ పోవును. మానిన కొలది నెలలలో మరల గనబడును. 1998లో ప్రకటితమైన యొక పెద్ద పరిశీలనలో ఇంటర్‌ఫెరాన్ మాత్రమే 24 వారములు పుచ్చుకొనినవారిలో నూటికి 6 మందికి, 48 వారములు పుచ్చుకొనినవారిలో 13 మందికి రోగము నిలుకడగా తొలగెను. రిబావిరిన్ అను మందును దానితో జేర్చినపుడు 24 వారములకు 31 మందికి, 48 వారములకు 38 మందికి తొలగెను. మందు మారలేదు, కాలము పెరుగగా ఫలము పెరిగెను.

అట్లని యెల్లవారును 48 వారములు బాధపడవలసినదేనా? పిమ్మట వారమునకొకమారు వేయదగిన పెగ్ ఇంటర్‌ఫెరాన్ వచ్చెను. 2002లో ప్రకటితమైన పరిశీలనయందు, 12వ వారమునకు వైరసు నూరవ వంతుకైనను తగ్గనివారిలో నూటికి 97 మందికి చివరకు రోగము తొలగలేదని తెలిసెను. అందువలన 12వ వారమున రక్తము పరీక్షించి, తగ్గనివారికి మందు నిలుపుట నియమమయ్యెను.

ఇచ్చట రెండు విధములైన మానుటలను వేరుపరుపవలయును. పరీక్ష చూచి వైద్యుడు మాన్పించుట యొకటి. అది రోగిని వృథా బాధనుండి తప్పించుట. ఒడలు తేలికపడెనని రోగి తనంత తాను మానుట రెండవది. అది శేషమును లోపల దాచుకొనుట. మొదటిదానికి రక్తము సాక్షి, రెండవదానికి ఒడలు సాక్షి. ఈ రోగమున ఒడలు చెప్పు సాక్ష్యము నమ్మదగినది గాదు.

2013 డిసెంబరులో అమెరికాయందు సోఫోస్‌బువిర్ అను మాత్రకు అనుమతి లభించెను. నాడచ్చట దాని వెల మాత్ర యొక్కింటికి 1,000 డాలర్లు. 2014లో ఏడు భారతీయ కంపెనీలకు దానిని తయారుచేయు హక్కు దొరకెను; వానిలో హైదరాబాదుది యొకటి గలదు. వెల మిక్కిలి తగ్గెను. 2018 జులై 28న భారత ప్రభుత్వము జాతీయ కార్యక్రమము నారంభించి, పరీక్షలను మందులను ఉచితముగా నిచ్చుటకు బూనుకొనెను. నేడు సోఫోస్‌బువిర్‌తో వేరొక మందును జేర్చి సాధారణముగా 12 వారములిత్తురు. కాలేయము మిక్కిలి చెడినవారికి 24 వారములవరకు వైద్యులు నిర్ణయింతురు. పూర్తిగా వాడినవారిలో నూటికి 90 మందికి పైగా రోగవిముక్తు లగుచున్నారు. కావున 12వ వారమున నిరాశతో మాన్పించు పాతనియమమునకు నేడు చాలవరకు చోటు లేదు.

అయినను అపాయము తొలగలేదు. నాడు మందు బాధించుటచే మానిరి. నేడు రోగమును బాధింపదు, మందును అంతగా బాధింపదు; అందుచేతనే మరచుట సులభమైనది. కోతల దినములందు పట్టణమునకు బోవ తీరలేదనియో, పెండ్లిపనులలో మాత్రలు నిండుకొనెననియో ఆగిపోవుట కలదు. మన వైద్యమున మండలమనగా నలువది దినములు. పండ్రెండు వారములనగా 84 దినములు, రెండు మండలములపై నాలుగు దినములు మాత్రమే. మండలదీక్ష పట్టి నడపిన మనకు అది మోయరాని భారము గాదు.

ఇంటిపెద్ద మాటకు మన యూళ్లలో నేటికిని బలము గలదు. "బాగుగానున్నాడు గదా, ఇంక మాత్రలెందుకు" అను మాట పెద్దల నోట వచ్చినచో చిన్నవాడు మానివేయును. ఆ మాట యనకుడు. మాత్ర తప్పినచో దాచక, తనంత తాను పూర్తిగా మానక, వెంటనే వైద్యునితో చెప్పుమనుడు. కడపటి మాత్ర మ్రింగిన 12 వారములకు మరల రక్తపరీక్ష యుండును. అందులో వైరసు కనబడనినాడే రోగము పోయినదని తలపవలయును. మొదటి మాత్ర మ్రింగిన దినముననే ఆ పరీక్షదినమును లెక్కించి పంచాంగముపై వ్రాయించి యుంచుడు.