అడగాల్సిన పని లేని ఆటలు

పిల్లల్ని "ఎవరితో ఆడుతున్నావురా?" అని అడిగితే "ఎవరో, తెలీదమ్మా" అంటారు. పాతికేళ్ల కిందట ఈ ఆన్‌లైన్ ఆటల్లో ఆ జవాబు అంత తేలిగ్గా వచ్చేది కాదు.

1999 మార్చిలో ఎవర్‌క్వెస్ట్ అనే ఆట వచ్చింది. అందులో చాలామందికి ఒంటరిగా ఆడితే ముందుకు సాగేది కాదు. ఒక పోరాటం అయ్యాక మంత్రశక్తి మళ్లీ నిండేదాకా నిమిషాల తరబడి కూర్చోవాలి. కూర్చుని ఏం చేస్తారు? కబుర్లే! సరుకు అమ్ముకోవాలంటే ఈస్ట్ కామన్‌లాండ్స్‌లోని ఒక సొరంగంలో చేరి, మన సంతలో లాగే కేకలేసి బేరాలాడేవారు. ఆ సంత కంపెనీ పెట్టింది కాదు, ఆడేవాళ్లే పెట్టుకున్నది. 2001 డిసెంబరు నాటి విస్తరణతో బజార్ వచ్చింది. ధర పెట్టి, తన బొమ్మని అక్కడ నిలబెట్టి, మనిషి వెళ్లి పడుకోవచ్చు. సొరంగం బోసిపోయింది.

2004 నవంబరులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ మొదలైంది. అందులో డంజన్‌లోకి అయిదుగురు వెళ్లాలి: దెబ్బలు కాసుకునే ట్యాంక్, గాయాలు మాన్పే హీలర్, కొట్టేవాళ్లు ముగ్గురు. (హీలర్లకి అక్కడా కొరతేనట! నర్సుని కదా, నవ్వొచ్చింది.) చాట్‌లో అడిగి అడిగి మనుషుల్ని కూడగట్టుకుని, అంత దూరం ప్రయాణం చేసి వెళ్లాలి. విసుగే. కానీ అందరూ ఒకే సర్వర్ వాళ్లు, అంటే ఒక ఊరివాళ్ల లెక్క. వస్తువు కాజేసి పారిపోతే పేరు పాడయ్యేది, మంచి హీలర్‌ని మళ్లీ పేరు పెట్టి పిలిచేవారు. మనం కొత్తగా వచ్చినప్పుడు కారు లేక, కిరాణాకి తీసుకెళ్లమని ఎవరినో అడిగితే కలిసిన స్నేహాలు గుర్తున్నాయా? అలాంటివే అవి.

2009 డిసెంబరులో డంజన్ ఫైండర్ పెట్టారు. బటన్ నొక్కితే వేర్వేరు సర్వర్ల నుంచి అయిదుగురిని కలిపి నేరుగా లోపల దింపుతుంది. నైట్ డ్యూటీ మధ్య అరగంట దొరికేవాళ్లకి అది వరమే, నేను కాదనను. కానీ ఒక్క మాట లేకుండా ఆట ముగించి వెళ్లిపోవచ్చు. తిట్టినా ఫరవాలేదు, మళ్లీ ఎదురుపడరుగా!

2019 ఆగస్టులో పాత ఆటనే ఆ బటన్ లేకుండా క్లాసిక్ పేరుతో మళ్లీ తెచ్చారు. బటన్ మొదటిసారి వచ్చిన కాలపు ఆటని 2022లో తిరిగి విడుదల చేసినప్పుడు కూడా, మనుషులు మాట్లాడుకోవాలని, దాన్ని పక్కన పెట్టారు. చాలామంది ఆటగాళ్లు పట్టుబట్టారు. 2023లో బటన్ తిరిగొచ్చింది.