కుక్కల పార్కులో యజమాని పాత్ర

కుక్కల పార్కులో రెండు కుక్కలు కలబడగానే చుట్టూ ఉన్నవాళ్లు ముందు జాతి పేరెత్తుతారు. రాట్‌వీలర్ అంతేనంటారు, పిట్‌బుల్‌ను ఎవరు రానిచ్చారంటారు. 1979లో కాలిఫోర్నియాలోని బర్కిలీలో ఓలోన్ కుక్కల పార్కు మొదలైన నాటి నుంచి, 2018లో హైదరాబాద్ కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ కుక్కల పార్కు తెరిచే దాకా ఇలాంటి చోట్లు చాలా దేశాల్లో వచ్చాయి. అక్కడ కుక్క ప్రవర్తనను జాతి కంటే యజమాని అలవాట్లే ఎక్కువగా మలుస్తాయని ఈ వ్యాసం వాదన.

మొదటి సాక్ష్యం గొలుసు. చెక్ నగరం బ్రనోలో నడకకు వచ్చిన కుక్కలను గమనించి రెజాచ్ బృందం 2011లో ప్రచురించిన అధ్యయనంలో, గొలుసుతో ఉన్న కుక్కలు విడిగా తిరిగేవాటి కంటే రెండింతలు ఎక్కువగా బెదిరింపు చూపాయి. కారణం ఊహించడం కష్టం కాదు. కొత్త కుక్కను కలిసేటప్పుడు కుక్క పక్కగా, వంపు తిరిగి వచ్చి వాసన చూస్తుంది. గొలుసు బిగిస్తే ఛాతీ ముందుకు లేచి ఎదురెదురుగా నిలబడాల్సి వస్తుంది, వెనక్కి తగ్గే దారీ ఉండదు. రెండో సాక్ష్యం యజమాని చూపు. మెర్‌కమ్, విన్ 2020లో పది జంటల కుక్కలను పరీక్షించి, యజమాని శ్రద్ధగా చూస్తున్నప్పుడు అవి ఎక్కువగా ఆడాయని కనుగొన్నారు. యజమాని దగ్గరే ఉన్నా పట్టించుకోకపోతే ఆట తగ్గింది. బెంచీ మీద ఫోన్‌లో తలదూర్చిన మనిషి అక్కడ ఉన్నట్టే, కానీ కుక్క లెక్కలో లేనట్టే! ఇక కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో ఒక పార్కులో 69 కుక్కలు ప్రవేశించాక తొలి 400 సెకన్లను పరిశీలించిన హౌస్ బృందం (2018), ఇతర కుక్కలతో గడిపే సమయం మొదటి ఆరు నిమిషాల్లో క్రమంగా తగ్గుతుందని చూపింది. అంటే కలయిక ఉద్ధృతి అంతా గేటు దాటిన కొత్తలోనే. సరిగ్గా అప్పుడే యజమానులు గేటు దగ్గర గుమిగూడి మాటల్లో పడితే, లోపలికి వచ్చే ప్రతి కుక్కా ఇరుకులో పడుతుంది.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. పిరికి కుక్కనో కోపిష్టి కుక్కనో యజమాని ముందుజాగ్రత్తగా గొలుసుతో ఉంచుతాడు, కనుక బెదిరింపుకు కారణం గొలుసు కాదు, స్వభావమే అనవచ్చు. ఇందులో నిజం ఉంది, పరిశీలనా అధ్యయనాలు ఈ చిక్కును పూర్తిగా విప్పలేవు. ఆట ప్రయోగంలోనూ జంటలు కొన్నే. అయినా అలాంటి కుక్కను స్వేచ్ఛగా తిరిగే గుంపు మధ్యకు గొలుసుతో తీసుకురావడం యజమాని నిర్ణయమే. రద్దీ లేని వేళ తీసుకురావడమూ అతని చేతిలోనే ఉంది. కుక్కల తగువు కుక్కలే తీర్చుకుంటాయనే వాదన నాకు ఇంకా బలహీనంగా కనిపిస్తుంది. వీధికుక్కకు నచ్చకపోతే పక్క సందులోకి పోతుంది. పార్కుకు చుట్టూ కంచె, గేటు తీయాల్సింది మనిషి. పారిపోయే దారి మూసినవాడే గమనించే బాధ్యతా మోయాలి.

కాబట్టి నియమాల బోర్డు మీద టీకాలు, జాతుల జాబితాతో పాటు మనుషులకు మూడు మాటలు రాయాలి: లోపల గొలుసు విప్పండి, గేటు దగ్గర నిలబడకండి, ఫోన్ జేబులో పెట్టి మీ కుక్కను చూడండి. కొండాపూర్ పార్కులోనే ఈ మార్పుకు ముందు, తర్వాత కుక్కల తీరును నమోదు చేసే పనిని మన పశువైద్య విశ్వవిద్యాలయాలు చేపట్టాలి.