దండెం కాని తీగ

డాబా మీద తీగ కట్టేది బట్టలారేసుకోడానికేనని ఇన్నాళ్ళూ అనుకునేదాన్ని. అందుకే మా మద్దిలపాలెం ఇంట్లో మేడమీద అద్దెకున్న కుర్రాడు నీళ్ళట్యాంకు నుంచి మెట్లగది దాకా సన్నటి రాగితీగ లాగితే, మర్నాడే దానిమీద రెండు చీరలూ ఓ దుప్పటీ ఆరేశాను. వాడు పరుగెత్తుకొచ్చి, "పిన్నిగారూ, అది దండెం కాదండీ, ఏరియలు!" అని లబలబలాడాడు.

హామ్ రేడియో చేస్తాడట. పరీక్ష రాసి, కేంద్రప్రభుత్వం దగ్గర లైసెన్సు పుచ్చుకుని, ఇంట్లోంచే ఇతర దేశాలవాళ్ళతో రేడియోలో పలకరింపులు చేసుకోవడం. జీతం లేదు, భత్యం లేదు. వట్టి సరదా!

చీరలు తీశాక వాడు శాంతించి, సెల్‌ఫోనులో ప్రపంచపటం చూపించాడు. మన ఊరి దగ్గర ఒక చుక్క. రెండు నిమిషాలాగితే సింహళంలో ఒకటి, జపానులో రెండు, ఐరోపాలో నాలుగైదు చుక్కలు వెలిగాయి. మన తీగ పలికింది అక్కడివాళ్ళ రేడియోలకి వినబడిందన్నమాట.

"ఎంత కరెంటు కాలుతుందిరా?" అన్నాను, ఇల్లాలి బుద్ధి పోనిచ్చుకోకుండా.

"గాల్లోకి పంపేది అయిదు వాట్లండీ."

మా పూజగదిలో జీరో బల్బే అంతకన్నా ఎక్కువ తింటుంది!

ఇదేం మాయ అనుకుంటున్నారా? మీరూ ఎరిగిందే. చిన్నప్పుడు రేడియో సిలోన్లో మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు వినేవాళ్ళం, గుర్తుందా? ఆవిడ గొంతు కాసేపు పక్కింట్లోంచి వచ్చినట్టూ, కాసేపు నూతిలోంచి వచ్చినట్టూ ఉండేది. ఆకాశంలో చాలా ఎత్తున, సూర్యుడి కిరణాలకి విద్యుత్తు పుంజుకున్న గాలిపొర ఒకటుంది. పొట్టి తరంగాలు దానికి తగిలి మళ్ళీ నేలకి దిగుతాయి. ఆ పొర నిలకడగా ఉండదు గనక గొంతూ నిలకడగా ఉండేది కాదు.

ఈ పొట్టి తరంగాల కథ తమాషాగా ఉంటుంది. 1912లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి, సరదారాయుళ్ళని 200 మీటర్లకు మించని తరంగాలకి నెట్టేసింది. అవి ఎందుకూ పనికిరావని అప్పటి పెద్దల నమ్మకం. పెద్దకోడలికి ముందుగదీ, చిన్నకోడలికి వంటింటి చూరూ ఇచ్చినట్టు! 1923 నవంబరులో ఆ పనికిరాని తరంగాలమీదే అమెరికా, ఫ్రాన్సు హామ్‌లు అట్లాంటిక్ మీదుగా ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. ఆ తరవాత పెద్దలే చూరు కిందికొచ్చి చోటడిగారు.

మన దేశంలో 1921లోనే కలకత్తాలో అమరేంద్రచంద్ర గుప్తుగారు ఈ ముచ్చట మొదలుపెట్టారు. ఆ రోజుల్లో ఎవరైనా పలికితే పోస్టులో కార్డు పంపుకునేవారు. కార్డొచ్చాక గోడమీది పటంలో గుండుసూది గుచ్చేవారు. ఆ సూది గుచ్చడానికి నెలలు పట్టేది. 1980లో హామ్‌లు భూమినంతా గళ్ళుగా విడదీసి పేర్లు పెట్టారు. మన విశాఖ గడి ఎన్.కె. 17. విజయనగరం వెళ్తే అది 18 అయిపోతుంది. నోబెల్ బహుమతి పొందిన శాస్త్రవేత్త జోసెఫ్ టేలర్ 2008లో, తన గుర్తింపుపేరూ, గడిపేరూ, ఎన్ని వాట్లో మాత్రమే రెండు నిమిషాలపాటు నెమ్మదిగా పలికే పద్ధతి తయారుచేశాడు. ఊళ్ళూళ్ళా ఉన్న రిసీవర్లు తాము విన్నది ఇంటర్నెట్ ద్వారా ఒకచోటికి చేరవేస్తాయి. నెలలు పట్టే గుండుసూది నిమిషాల్లో చుక్కయింది.

సరదా అన్నాను గాని, అన్నివేళలా సరదా కాదు. 2004 డిసెంబరులో భారతీప్రసాద్ గారనే హామ్, హైదరాబాదు అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున అండమాను వెళ్ళారు. ఏళ్ళ తరబడి హామ్‌ల గొంతు వినబడని ఆ దీవులనుంచి ప్రపంచాన్ని పలకరించడం ఆవిడ పని. 26న భూకంపం, వెంటనే సునామీ. ఆవిడ తిరిగొచ్చెయ్యలేదు. పోర్ట్ బ్లెయిర్‌లో స్టేషను పెట్టుకుని, దీవుల్లో చిక్కుకున్నవాళ్ళ క్షేమసమాచారాలు అందించారు. తోటివాళ్ళు కార్ నికోబార్ వెళ్ళి మరో స్టేషను పెట్టారు. మన ఉత్తరాంధ్రనుంచి వలసపోయినవాళ్ళు ఆ దీవుల్లో ఎంతమందో! ఇక్కడ ఎన్ని ఇళ్ళల్లో ఆ కబురు కోసం కాసుక్కూర్చున్నారో ఆలోచించండి.

ఆ ఎదురుచూపు నాకూ తెలుసు. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను. సాయంత్రానికి వీధిలో ఒక్క చెట్టు నిలబడలేదు. కరెంటు లేదు, ఫోను లేదు. హైదరాబాదులో మా అమ్మాయి టీవీలో మన ఊరు చూస్తూ నాలుగురోజులు అన్నం ముట్టలేదట. అయిదోరోజున మావారు ఊరి బయటికి చాలాదూరం పోయి ఫోను కలిపితే, అది "నాన్నా" అని ఏడవడం తప్ప మరోమాట అనలేకపోయింది. అప్పుడూ హైదరాబాదునుంచి హామ్‌లు వచ్చి అధికారులకి కబుర్లందించారట. ఆ సంగతి నాకు తరవాతెప్పుడో తెలిసింది.

అది తలుచుకునే కుర్రాణ్ణి నిలదీశాను. "ఇంటర్నెట్ పోతే నీ పటమూ పోతుందిగా? ఇంకెందుకది?"

వాడు నవ్వాడు. "పటం మనకి కనబడదండీ. కాని బ్యాటరీతో మనం పలికితే, కొలంబోలో వినేవాడికి ఇంటర్నెట్ ఉంటుంది కదా! మన చుక్క వాడు వెలిగిస్తాడు. హైదరాబాదులో అక్క చూస్తుంది."

నాకు నోట మాట రాలేదు. చుక్క అన్నం పెట్టదు, మందివ్వదు. ఇంట్లో అందరూ క్షేమమని కూడా చెప్పదు. కాని ఆ డాబామీద ఎవరో ఒకరు ఉన్నారని చెబుతుంది. ఆ నాలుగురోజులూ మా అమ్మాయికి ఆ ఒక్కటే కావలసింది.

"గాలికి తీగే తెగిపోతే?" అన్నాను మళ్ళీ.

"మళ్ళీ కడతానండీ. రాగితీగేగా!"

మర్నాడు బట్టలకి వేరే దండెం కట్టించాను. ఆ పటం ఎలా చూడాలో అమ్మాయికి నేర్పించాను. ఇప్పుడప్పుడప్పుడూ ఫోను చేసి, "అమ్మా, మన చుక్క కనబడలేదేం ఇవాళ?" అంటుంది. అబ్బాయికి పరీక్షలు, రేడియో ముట్టుకోలేదే అని నేను సర్దిచెప్పుకోవాలి!