జాతర బండి నుంచి రైలుబండి దాకా

శివరాత్రి దగ్గరపడుతుంటే మెదక్ చుట్టుపక్కల ఊళ్ల దారులన్నీ ఒకేవైపు తిరుగుతాయి. ఒకప్పుడు గూడు కట్టిన ఎడ్లబండ్లు, ఇప్పుడు ట్రాక్టర్లు, ఆటోలు, డీసీఎం వ్యాన్లు. బియ్యం, పప్పు, వంటచెరకు, గిన్నెలు, చాపలు సర్దుకుని పిల్లాజెల్లా, ముసలీముతకా సహా ఇంటిల్లిపాదీ బయల్దేరి మంజీర ఒడ్డుకు చేరతారు. పాపన్నపేట మండలం నాగసానిపల్లి దగ్గర ఆ నది ఏడు పాయలుగా చీలి, బండల మధ్య పారి, మళ్లీ ఒక్కటవుతుంది. ఆ చోటుకు ఏడుపాయల అని పేరు. పాయల నడుమ వనదుర్గా భవాని గుడి. జనమేజయుడు సర్పయాగం చేసింది ఇక్కడేనని స్థలపురాణం. జాతర మూడు రోజులు. శివరాత్రి నాడు ఉపవాసం, జాగరణ. మర్నాడు అలంకరించిన బండ్లు గుడి చుట్టూ తిరుగుతాయి. మూడోనాడు రథం కదులుతుంది.

మొక్కు తీరాక మూడు రాళ్ల పొయ్యి వెలుగుతుంది. పిల్లలు నీళ్లలో దిగుతారు, పెద్దలు బండ నీడన నడుం వాలుస్తారు, ఏడాదిగా కలవని చుట్టాలు ఒకే విస్తరి చుట్టూ చేరతారు. బడి పుస్తకాల్లో విహారయాత్ర అనే మాట కనబడక ముందే ఈ నేలమీద విహారం ఉంది. దాన్ని జాతర అన్నారు, వనభోజనం అన్నారు. దైవదర్శనానికీ సరదాకూ మధ్య గోడ కట్టాలని ఎవరికీ తోచలేదు.

ఇంగ్లండులో ఈ కథ మరోలా నడిచింది. అక్కడ 1841లో లండన్ నుంచి బ్రైటన్‌కు, 1846లో బ్లాక్‌పూల్‌కు రైలు వచ్చింది. 1871లో చట్టం చేసి బ్యాంకు సెలవులు ఇచ్చారు. సెలవు దొరికిన జనం సముద్రం చూడటానికి రైలెక్కారు. వాళ్ల కోసమే నీటిమీదికి వంతెనల్లాంటి చెక్కబాటలు వేశారు. 1894లో బ్లాక్‌పూల్‌లో 518 అడుగుల టవర్ లేచింది. లాంకషైర్ నూలుమిల్లుల ఊళ్లలో ఏటా ఓ వారం మిల్లులన్నీ మూతపడేవి. బోల్టన్ లాంటి ఊరు ఆ వారం సగం ఖాళీ అయి బ్లాక్‌పూల్ ఇసుకమీద తేలేది. ఆ సముద్రతీరపు ఊళ్లు చూడటానికి వచ్చేవాళ్ల కోసమే పెరిగాయి.

మెదక్‌లో చూడదగ్గ చోట్లలో ఏదీ చూడటం కోసం పుట్టలేదు. కోట యుద్ధం కోసం పుట్టింది, ఆనకట్టలు పొలాల కోసం, చర్చి ప్రార్థన కోసం, అడవి నవాబుల వేట కోసం. పనికోసం వెలసిన ఈ చోట్లకు పని లేనివాళ్లు ఎప్పుడు, ఎందుకు రావడం మొదలైందన్నదే మెదక్ విహారాల చరిత్ర.

ముందు కోట. ఊరికి తలమీద కిరీటంలా, దాదాపు 300 అడుగుల గుట్టమీద ఉంది. కాకతీయుల కాలంలో, ప్రతాపరుద్రుడి ఏలుబడిలో వెలసిన దుర్గమని చెబుతారు. అప్పటి పేరు మెతుకు దుర్గం. అన్నం మెతుకు నుంచే ఈ సీమకు మెతుకు సీమ అన్న పేరు వచ్చిందని ఇక్కడివాళ్ల నమ్మకం. తర్వాత కుతుబ్‌షాహీలు దీన్ని తమ కాపలా కోటగా వాడుకున్నారు. 17వ శతాబ్దంలో పైన మసీదు, ధాన్యం నిలవచేసే గాదెలు కట్టారు. ఒక దశలో ఊరిని గుల్షనాబాద్ అనీ పిలిచారు. పూలతోటల ఊరు అని ఆ పేరుకు అర్థం. జనం నోట నిలిచింది మాత్రం మెతుకే.

ఈ గుట్టను తెల్లవారుజామున ఎక్కాలి. ఎండ ముదిరితే రాయి కాలిపోతుంది. ద్వారాలు ఒకదాని తర్వాత ఒకటి వంపు తిరిగి ఎదురవుతాయి. ఏనుగు పరుగెత్తుకొచ్చి తలుపు గుద్దకుండా దారిని మలిచిన తీరు అక్కడ నిలబడితే కాళ్లకే తెలుస్తుంది. రెండు తలల గండభేరుండం రాతిలో కనబడుతుంది. పైన 3.2 మీటర్ల ఫిరంగి పడి ఉంది. ఆ ఫిరంగి పక్క నుంచి చూస్తే ఊరు, చెరువులు, పచ్చటి మళ్లు, వాటి మధ్య తెల్లటి చర్చి శిఖరం. ఒక ఊరి ఏడెనిమిది వందల ఏళ్లు ఒక్క చూపులో ఇమిడే చోటు తెలంగాణలో అరుదు. పర్యాటక శాఖ ఈ కోటమీద హరిత హోటల్ పెట్టింది గనుక రాత్రి ఉండి పొద్దుపొడుపు చూడటం ఇప్పుడు కుదురుతుంది. అయినా హైదరాబాద్ నుంచి వచ్చే బండ్లలో ఎక్కువ భాగం చర్చి ముందే ఆగి, కోటను కిందినుంచే చూసి వెళ్లిపోతాయి. అది కోటకు జరిగే అన్యాయం.

చర్చి కథ కరువుతో మొదలవుతుంది. 19వ శతాబ్ది చివర్లో వెస్లియన్ మెథడిస్ట్ మిషన్ తరఫున ఇంగ్లండు నుంచి వచ్చిన చార్లెస్ వాకర్ పోస్నెట్ మెదక్‌లో స్థిరపడ్డారు. 1914 ప్రాంతంలో ఈ సీమను కరువు పట్టినప్పుడు ఆయన ఊరికే అన్నం పెట్టే బదులు పని చూపించి తిండి పెట్టాలనుకున్నారు. ఆ పని చర్చి కట్టడమే. అది పదేళ్లు సాగింది. చుట్టుపక్కల జనం రాయి మోశారు, సున్నం కలిపారు, పూటకింత తిన్నారు. మెతుకు సీమ పేరు ఎంత పాతదైనా, దానికి ఇంతకంటే నిండైన అర్థం ఏ కాలంలోనూ దొరకలేదు. 1924 డిసెంబరు 25న చర్చిని ప్రతిష్ఠించారు. వంద అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవు, 175 అడుగుల గంట గోపురం. లోపల 5,000 మంది కూర్చోవచ్చు. చార్మినార్ కంటే ఎత్తు కట్టడంతో నిజాంకు కష్టమనిపించిందని ఒక కథ ఇప్పటికీ ఊళ్లో వినబడుతుంది.

నమూనా గీసింది బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ సంస్థ. వాళ్లది బోల్టన్. ఏటా ఓ వారం మిల్లులు కట్టేసి బ్లాక్‌పూల్‌కు పరుగెత్తిన ఊరే అది! ఆ ఊళ్లో కాగితం మీద పడిన గీత ఇక్కడ కరువు కూలీల చేతుల్లో రాయి అయింది.

నేలమీది ఆరు రంగుల మొజాయిక్ పలకలు బ్రిటన్ నుంచి వచ్చాయి. పరిచింది ఇటలీ మేస్త్రీలు. అసలు ఆకర్షణ రంగుల అద్దాల కిటికీలు. చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. యేసు ఆరోహణాన్ని చూపే కిటికీ 1927లో, జననం కిటికీ 1947లో, శిలువ కిటికీ 1958లో అమరాయి. అంటే లోపలి బొమ్మలు పూర్తయ్యేసరికి నిజాం రాజ్యం పోయింది, బ్రిటిష్ పాలన పోయింది, ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఈ బొమ్మలు బయటి వెలుతురుతోనే బతుకుతాయి. ఎండ ఉన్నంతసేపూ నీలం, ఎరుపు, బంగారు రంగులు మెరుస్తాయి. పొద్దు గూకితే ఉత్త నల్లటి గాజే. సాయంత్రం ఆలస్యంగా చేరినవాళ్లు చర్చిని చూసినట్టే గానీ కిటికీలను చూడనట్టే.

మొదట్లో ఇది విశ్వాసుల చోటు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి, మెదక్ డయాసిస్‌కు ఇది కేంద్రమైంది. తర్వాత క్రిస్మస్‌కు అన్ని మతాలవాళ్లూ రావడం వాడుకైంది. కొవ్వొత్తి వెలిగించి, బయట చెట్ల కింద వండుకు తిని వెళతారు. ఏడుపాయల ఒడ్డు వనభోజనమే ఇక్కడా కొనసాగుతుంది.

నీటి చోట్ల సంగతి మరీ ముచ్చటైనది. మంజీరపై ఘనపురం ఆనకట్టను 1905లో కట్టారు. ఏడుపాయలకు ఎగువనే ఉన్న ఆ కట్టనుంచి మహబూబ్ నహర్, ఫతే నహర్ అనే రెండు కాలువలు పొలాలకు పారతాయి. మెదక్ నుంచి ఎల్లారెడ్డి వెళ్లే తోవలో, సుమారు 15 కిలోమీటర్ల దూరాన, ఆలేరు వాగుమీద పోచారం కట్ట 1922 నాటికి పూర్తయింది. రాయీ సున్నంతో లేపిన గోడ అది. దిగువ మంజీరమీద అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో నిజాంసాగర్ 1923లో మొదలై 1931కి ముగిసింది. వీటిలో ఒక్కటీ షికారు కోసం కట్టింది కాదు. కానీ వానాకాలంలో మత్తడి దుంకిందన్న కబురు వినగానే జనం సద్ది కట్టుకుని బయల్దేరతారు. నీళ్లు దుంకడం చూడటం రైతు కుటుంబాలకు పంట మీద ధీమా. పట్నం పిల్లలకు అదే జలపాతం.

పోచారం చుట్టూ ఉన్న అడవి ఒకప్పుడు నిజాం నవాబులు వేటాడే చోటు. 1952లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం దాదాపు 130 చదరపు కిలోమీటర్లు. తుపాకీ పట్టుకొచ్చిన దారిలోనే ఇప్పుడు బైనాక్యులర్లు వస్తున్నాయి. చిరుత, ఎలుగుబంటి, నీలుగాయి, కొండగొర్రె ఉన్నాయి. చలికాలంలో తలమీద నల్లగీతల బాతులు హిమాలయాలు దాటి వచ్చి చెరువులో దిగుతాయి. జింకల పునరుత్పత్తి కేంద్రం పిల్లలకు ప్రాణం. పక్షుల్ని చూడాలనుకునేవాళ్లు మాత్రం మాటలు తగ్గించి, డీజే పాటలు ఇంటిదగ్గరే వదిలి రావాలి. చెరువు గట్టున మోగుతున్న పాట ఆగితేనే అవతలి ఒడ్డున పక్షులు కనబడతాయి.

ఇన్ని ఉన్నా మెదక్‌కు చేరడమే కష్టంగా ఉండేది. 1900 ప్రాంతంలో హైదరాబాద్ నుంచి మన్మాడ్‌కు వేసిన రైలుమార్గం ఊరికి తూర్పుగా అక్కన్నపేట మీదుగా వెళ్లిపోయింది. 1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టాక బస్సే ఈ సీమకు దిక్కయింది. జిల్లా పేరు మెదక్‌దే అయినా కలెక్టరేటు సంగారెడ్డిలో ఉండేది. 2016 అక్టోబరు 11న మెదక్ తన పేరుగల జిల్లాకు తానే కేంద్రమైంది. అక్కన్నపేట నుంచి ఆ మిగిలిన 17.2 కిలోమీటర్ల పట్టా పూర్తయి, 2022 సెప్టెంబరు 23న మెదక్ స్టేషన్‌కు తొలి ప్రయాణికుల రైలు వచ్చింది. ఆ రోజు స్టేషన్‌కు వచ్చినవాళ్లలో రైలెక్కేవాళ్లకంటే రైలును చూడవచ్చినవాళ్లే ఎక్కువంటే ఆశ్చర్యపడక్కర్లేదు. తాతలనాటి కోరిక అది.

2024 డిసెంబరు 25న చర్చికి నూరేళ్లు నిండాయి. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అదే రోజు ఏడుపాయల గుడికీ, చర్చికీ వెళ్లారు. ఊరివాళ్లు ఎప్పటినుంచో చేస్తున్న ప్రయాణమే అది.

2025 ఆగస్టు చివరి వారంలో మెదక్, కామారెడ్డి జిల్లాల మీద ఆకాశం విరిగిపడింది. కొత్త రైలుపట్టా మీదికి నీళ్లెక్కి రైళ్లు ఆగాయి. నూరేళ్ల పోచారం కట్ట తెగిపోతుందేమోనని దిగువ ఊళ్లు రాత్రంతా మేలుకున్నాయి. పక్క మట్టికట్ట కోతపడింది గానీ రాతిగోడ నిలిచింది. ఏడుపాయల గుడిని మంజీర ముంచెత్తింది. వరద ఏడాదుల్లో ఎప్పుడూ చేసినట్టే పూజారులు ఉత్సవమూర్తిని రాజగోపురంలోకి చేర్చి అక్కడే పూజలు చేశారు. గర్భగుడి చుట్టూ సుడులు తిరుగుతున్న నీళ్లను పోలీసులు కట్టిన తాడు ఇవతలి నుంచి చూస్తూ, భక్తులు గోపురం దగ్గరే కొబ్బరికాయ కొట్టి వెనుదిరిగారు.