అసలు ఊరు

సూళ్లూరుపేటలో టీ బంకు దగ్గర ఒక పెద్దాయన అడిగాడు.

"ఏ ఊరు సాయిబూ మీది?"

"చిత్తూరు, పెద్దాయనా."

"అది సరే. అసలు ఊరు?"

ఈ రెండో ప్రశ్న నాకు కొత్త కాదు. నలభై దాటాయి. తెలుగులో వార్తలు రాసి బతుకుతున్నాను. అయినా ఇంట్లో అమ్మీతో ఉర్దూ మాట్లాడతాను గనక నాకు ఇంకో ఊరేదో ఉండి తీరాలి. ఆయన మాటలో ద్వేషం లేదు. మామూలుగా అడిగాడు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

నేను అక్కడికి వెళ్లింది సముద్రం చూడటానికి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విడదీసినప్పుడు సూళ్లూరుపేట, తడ, వాకాడు తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. కొండలు, చింతచెట్లు, మామిడితోటల మధ్య పెరిగిన మాకు ఉన్నట్టుండి ఒక తీరం దొరికింది. దాని గురించి ఎవరో చేతిలో పెట్టిన పర్యాటక కరపత్రంలో గుడులున్నాయి, పక్షులున్నాయి, రాకెట్టుంది. మనుషులు లేరు. ఆ మనుషుల కోసం స్వర్ణముఖి వెంట బయలుదేరాను. చంద్రగిరి దగ్గర కొండల్లో కనిపించే ఈ ఏరు తిరుచానూరు, శ్రీకాళహస్తి, నాయుడుపేట దాటి, వాకాడు మీదుగా బంగాళాఖాతంలో కలుస్తుంది.

మొదట చంద్రగిరి కోట. విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఒకటి. అక్కడి రాజమహల్ తోరణాలు చూడండి. సుల్తానుల కట్టడాల్లో కనిపించే తోరణాలే అవి. హిందూ రాజు తన మహలుకు ఆ తోరణం పెట్టుకున్నప్పుడు దాని అసలు ఊరేదని ఎవరూ అడగలేదు. 1646లో ఈ కోట గోల్కొండ వశమైంది. మన పాఠ్యపుస్తకాలకు ఇక్కడ ముస్లిం కనిపిస్తాడు, గుర్రం మీద, కత్తితో. అంతకు చాలా ముందే బట్టల మూటతో ఓడ దిగినవాడు మాత్రం కనిపించడు.

వాడి జాడ పులికాట్ తీరంలో ఉంది. తెలుగువాళ్లు ప్రళయకావేరి అని పిలుచుకున్న ఈ ఉప్పునీటి సరస్సు మన దేశంలో చిలికా తర్వాత అంత పెద్దది. దీనికీ సముద్రానికీ మధ్య శ్రీహరికోట దీవి గోడలా పడుకుని ఉంది. సూళ్లూరుపేట నుంచి ఆ దీవికి వెళ్లే దారి సరస్సు మధ్యగానే సాగుతుంది. చలికాలంలో ఆ దారికి రెండు పక్కలా మోకాలి లోతు నీళ్లలో గులాబీ కాళ్ల ఫ్లెమింగోలు వేలల్లో నిలబడి ఉంటాయి. దొరవారిసత్రం దగ్గర నేలపట్టులో గూడబాతులు చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. వాటి రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి బలమని రైతులు వాటి జోలికి పోరు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఈ పక్షులకు ఏటా పండుగ చేస్తాం. వాటి అసలు ఊరు అడగం. తడ మండలంలోని వేనాడు దీవిలో ఒక దర్గా ఉంది. అక్కడి గంధం పండుగకూ అన్ని మతాలవాళ్లూ వస్తారు.

వాకాడు పక్కనే దుగరాజపట్నం. ఇంగ్లీషు కంపెనీ 1626 నాటికి ఇక్కడ వర్తకశాల పెట్టుకుంది. అప్పట్లో దాని పేరు ఆర్మగాన్. బట్ట సరిగా దొరకక, ఇక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణాన ఇంకో చోటు సంపాదించాడు. అదే మద్రాసు. ఆ అనుమతి కూడా చంద్రగిరి రాజ్యం నుంచి వచ్చిందే.

సరస్సు దక్షిణపు కొసన, తమిళనాడులో, పులికాట్ ఊరు. చంద్రగిరి, వేలూరుల నుంచి ఏలిన వెంకటపతి రాయలు 1610లో డచ్చివాళ్లకు ఇక్కడ వర్తకానికి అనుమతిచ్చాడు. వాళ్లు గెల్డ్రియా కోట కట్టారు. కోట శిథిలమైంది, సమాధులు మిగిలాయి. కానీ డచ్చివాళ్లకన్నా ముందే ఇక్కడి ముస్లిం వర్తకులు, చెట్లు మలక్కా దాకా ఓడలు నడిపారు. అరబ్బు దేశం నుంచి వచ్చామని కథ చెప్పుకునే ముస్లింలు ఈనాటికీ అక్కడున్నారు. నేను సలాం చెప్పి ఉర్దూ అందుకున్నాను. వాళ్లు తమిళంలో జవాబిచ్చారు! తమిళ ముస్లింల పూర్వీకులు తమిళాన్నే అరబ్బీ లిపిలో రాసుకున్నారు, అర్వీ అని. ముస్లిం అంటే ఉర్దూ అనుకునే పెద్దాయన పొరపాటు కొంత నాలోనూ ఉందని అక్కడ తెలిసింది.

ఈ రేవు నుంచి ఎగుమతైన గళ్ల బట్టకు తూర్పు దేశాల్లో గిరాకీ. బట్ట ఇచ్చి మిరియాలు, లవంగాలు తెచ్చుకునేవారు. మలేషియాలో గళ్ల లుంగీని నేటికీ 'కయిన్ పెలికట్' అంటారు. పెలికట్ అంటే మన పులికాటే. మా దాదా జీవితమంతా గళ్ల లుంగీ కట్టాడు. అది చూసి ఆయన్ని పరాయివాడన్నవాళ్లున్నారు. పరాయి దేశంలో మాత్రం ఆ లుంగీకి మన తీరం పేరే ఉంది.

అంతా పొంగిపోయే చరిత్ర కాదిది. ఇదే రేవు నుంచి డచ్చివాళ్లు కరువులో అమ్ముడుపోయిన మనుషుల్ని బానిసలుగా బటావియాకు ఓడలకెత్తారు. ఇక శ్రీహరికోట. 1971లో అక్కడ మొదటి రాకెట్ లేచింది. 2023లో చంద్రయాన్-3 కూడా అక్కడి నుంచే వెళ్లింది. ఆ అడవిలో తేనె, దుంపలు, చేపల మీద బతికిన యానాదుల్ని కేంద్రం కోసం ఊళ్లు ఖాళీ చేయించారు. అసలు ఊరున్నవాళ్లంటే వాళ్లే. ఆ అసలు ఊరే వాళ్లను కాపాడలేకపోయింది. నన్నడిగిన ప్రశ్నకు నొచ్చుకున్న నేను, వాళ్ల గురించి ఇన్నేళ్లలో ఒక్క వార్తా రాయలేదు. సిగ్గుగా ఉంది.

తిరుగు ప్రయాణంలో అదే బంకు దగ్గర బస్సు దిగాను. పెద్దాయన అక్కడే ఉన్నాడు. కట్టుకున్నది గళ్ల లుంగీ! దాని కథ చెప్పాను. తల వంచి లుంగీ అంచు పట్టుకుని చూసుకున్నాడు.

"ఇంత దూరం పోయిందా ఇది?" అన్నాడు.

"పోయింది పెద్దాయనా. నేనే ఎక్కడికీ పోలేదు. మాది చిత్తూరే."

ఆయన నవ్వి, ఇంకో టీ చెప్పాడు.